అంగన్‌వాడీలో ‘ఆడించడమే’ చదువు.. మూడేళ్ల బిడ్డకు పలక, పెన్సిల్ ఎందుకు వద్దంటున్నారు?

‘అక్కడ చదువు చెప్పరండీ, ఊరికే ఆడిస్తారు’. అంగన్‌వాడీ మాన్పించి బిడ్డను ఫీజు కట్టే నర్సరీలో చేర్చిన తల్లిదండ్రులు ఎక్కువగా చెప్పే కారణం ఇదే. నర్సరీలో హోంవర్క్ ఇస్తారు, పుస్తకాల సంచీ ఉంటుంది, నెల తిరిగేసరికి బిడ్డ ఏబీసీడీలు అప్పజెబుతుంది. అంగన్‌వాడీలో మాత్రం పాటలు, కథలు, బొమ్మలు. చూసేవారికి మొదటిదే చదువులా కనిపిస్తుంది. కానీ ఈ వయసు పిల్లల విషయంలో జాతీయ విద్యా విధానం చెబుతున్నది సరిగ్గా దీనికి విరుద్ధం.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

జాతీయ విద్యా విధానం-2020 ప్రకారం 3 నుంచి 8 ఏళ్ల వరకు పునాది దశ. ఇందులో మొదటి మూడేళ్లు అంగన్‌వాడీ లేదా ప్రీ స్కూల్‌లో, తర్వాతి రెండేళ్లు ఒకటి, రెండు తరగతుల్లో గడుస్తాయి. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని ఆ విధాన పత్రం పేర్కొంది. పునాది దశ కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఇంకో అడుగు ముందుకేసింది. 3-6 ఏళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలు నిర్దేశించవద్దని, పరీక్షలు పెట్టడం ఈ దశకు ఏమాత్రం తగదని స్పష్టం చేసింది.

అంగన్‌వాడీల విషయానికొస్తే, 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలైనప్పటి నుంచే పోషకాహారం, టీకాలతో పాటు ప్రీ స్కూల్ విద్య కూడా అందులో భాగం. గుడ్డు, పాలు గుర్తున్నంతగా ఇది జనానికి గుర్తులేదు. దీన్ని బలపరచడానికే 2023 మేలో కేంద్రం ‘పోషణ్ భీ, పఢాయీ భీ’ కార్యక్రమం ప్రారంభించింది. పోషణతో పాటు చదువు కూడా అని దాని అర్థం. 2024లో రెండు మార్గదర్శకాలు వచ్చాయి. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు ‘నవచేతన’. ఇందులో నెలల వారీగా ఇంట్లోనూ చేయించదగ్గ 140 కృత్యాలున్నాయి. మూడు నుంచి ఆరేళ్ల వారికి ‘ఆధారశిల’. ఇది 48 వారాల ప్రణాళిక. ఇందులో మొదటి నాలుగు వారాలు బిడ్డ ఇల్లు వదిలి కేంద్రానికి అలవాటు పడటానికే కేటాయించారు.

ఆటతో నిజంగా తేడా వస్తుందా?

వస్తుందనడానికి బలమైన ఆధారాల్లో ఒకటి జమైకాలో దొరికింది. 1980ల్లో రాజధాని కింగ్‌స్టన్‌లోని పేద కుటుంబాల్లో, వయసుకు తగ్గ ఎత్తు లేని 129 మంది చిన్నారులపై అధ్యయనం చేశారు. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి వెళ్లి, గంటసేపు బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించారు. వాడినవి చాలావరకు చేతితో తయారుచేసిన బొమ్మలే. ఇలా రెండేళ్లు సాగింది. ఆ పిల్లలకు సుమారు 22 ఏళ్లు వచ్చాక చూస్తే, అలాంటి స్థితిలోనే ఉండి ఈ సాయం అందని వారికన్నా వీరి సంపాదన 25 శాతం ఎక్కువగా ఉంది. అదనపు ఆహారం మాత్రమే అందిన వారిలో ఆ తేడా కనిపించలేదు. తిండి అవసరం లేదని కాదు, తిండి ఒక్కటే సరిపోదని దీని సారాంశం.

ఇంట్లో ఏం ఆడించవచ్చు?

ఏడాదిలోపు: బిడ్డ ‘ఊ’ అంటే మనమూ ‘ఊ’ అని బదులివ్వడమే మొదటి ఆట. మాటకు మాట తిరిగి వస్తుందని బిడ్డకు అక్కడే తెలుస్తుంది. కొంగు చాటున ముఖం దాచే దోబూచులాటతో, కనిపించకపోయినా మనిషి అక్కడే ఉంటారని అర్థమవుతుంది.

ఏడాది నుంచి మూడేళ్లు: వంటింటి గిన్నెలు చాలు. పెద్ద గిన్నెలో చిన్న గిన్నె పెట్టడం, డబ్బాకు సరిపోయే మూత వెతకడం, చెంబులో నీళ్లు గ్లాసులోకి ఒంపడం. పరిమాణం, ఎక్కువ తక్కువలు ఇలాగే తెలుస్తాయి. స్నానం చేయిస్తూ, కూర తరుగుతూ కనబడిన ప్రతిదాని పేరూ చెప్పండి.

మూడు నుంచి ఆరేళ్లు: చింతగింజలు, చిక్కుడు గింజలు కలిపి పోసి వేరు చేయమనండి. లెక్కలకు ఇది తొలిమెట్టు. చపాతీ పిండితో బొమ్మలు చేయడం, దారానికి పూలు గుచ్చడం, చుక్కలు కలిపి ముగ్గేయడం వేళ్ల కండరాలకు బలాన్నిస్తాయి. పెన్సిల్ పట్టుకునే శక్తి అక్కడి నుంచే వస్తుంది. వేళ్లు సిద్ధం కాకముందే రాయిస్తే బిడ్డకు మిగిలేది చేతి నొప్పి, చదువంటే విసుగు. బువ్వాటలో మాటలు పెరుగుతాయి. ఐదేళ్లు దాటినవారికి నేల-బండ, తొక్కుడు బిళ్ల లాంటివి తన వంతు వచ్చేదాకా ఆగడం నేర్పుతాయి. ఒకటో తరగతిలో కుదురుగా కూర్చోవడానికి అక్షరాలకన్నా ముందు కావాల్సింది ఈ ఓపికే.

ఒక జాగ్రత్త: మూడేళ్లలోపు పిల్లలకు గింజలు, గోళీలు, బటన్ బ్యాటరీలు అందనీయొద్దు. గొంతులో అడ్డుపడితే ప్రాణాపాయం. నీళ్లతో ఆడేటప్పుడు పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

ఫోన్ చూపిస్తే మాటలు రావా?

ఫోన్ బదులివ్వదు. బిడ్డ తప్పుగా పలికితే సరిచేయదు. రెండేళ్లలోపు వారికి అసలు స్క్రీన్ వద్దని, 2-4 ఏళ్ల వారికి రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఏడాది దాటినప్పటి నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలు రోజు మొత్తంమీద కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలేలా ఆడాలని కూడా చెప్పింది.

అంగన్‌వాడీలో మీరు ఏం అడగాలి?

ఆరేళ్లలోపు ఏ బిడ్డనైనా పేరు నమోదు చేయించవచ్చు. ఆదాయ పరిమితి లేదు. చేర్చాక టీచరమ్మను నాలుగు విషయాలు అడగండి: ఈ వారం ఏ కృత్యాలు చేయిస్తున్నారు? ఆట వస్తువులు పిల్లల చేతికి ఇస్తున్నారా, బీరువాలో ఉన్నాయా? తల్లిదండ్రులను పిలిచే నెలవారీ ఈసీసీఈ దినం ఎప్పుడు? మా బిడ్డ దేనిలో వెనకబడి ఉంది? కేంద్రంలో భోజనం పెట్టి పంపేయడమే జరుగుతుంటే సూపర్‌వైజర్ దృష్టికి, అక్కడా స్పందన లేకపోతే సీడీపీఓ దృష్టికి తీసుకెళ్లవచ్చు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, రెండేళ్లు వచ్చినా రెండు మాటలు కలిపి అనలేకపోయినా, వచ్చిన మాటలు పోయినా ‘మా ఇంట్లో అందరికీ ఆలస్యంగానే వచ్చాయి’ అని ఊరుకోవద్దు. ఏ వయసుకు ఏం రావాలో తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో ఉంటుంది. ఆర్‌బీఎస్‌కే వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. అవసరమైతే జిల్లా స్థాయి డైక్ కేంద్రానికి పంపుతారు. సేవలు ఉచితం.

సాయంత్రం బిడ్డ ఇంటికొచ్చాక ‘ఈ రోజు ఏం రాశావు?’ అని కాకుండా ‘ఏం ఆడావు, ఎవరితో ఆడావు?’ అని అడిగి చూడండి. జవాబు చెప్పడానికి బిడ్డ వెతుక్కునే మాటల్లోనే ఆ రోజు ఏం నేర్చుకుందో తెలిసిపోతుంది.