పెట్రోలు ఉంది, కారు ఆగింది

ట్యాంకులో సగానికి పైగా పెట్రోలు ఉంటుంది, బ్యాటరీ బాగానే ఉంటుంది. అయినా ఎండాకాలం మధ్యాహ్నం హైవే మీద పోతున్న కారు ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది గానీ అందుకోదు. అరగంట నీడన పెడితే ఏమీ జరగనట్టే స్టార్టవుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ కళ్లకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. చివరికి అనుమానం మీద ఫ్యూయల్ పంపు మార్చేస్తారు. వేలకు వేలు పోస్తారు, కారు మళ్లీ ఆగుతుంది. ఇలాంటి చోట చూడాల్సింది పెట్రోలు దారి ఒక్కటే కాదు, పంపుకు కరెంటు వచ్చే దారి కూడా.

ఇంజెక్షన్ ఇంజన్లలో పంపు అంటే ట్యాంకులోనే పెట్రోలులో మునిగి ఉండే చిన్న కరెంటు మోటారు. చాలా కార్లలో అది 3 నుంచి 4 బార్ల ఒత్తిడితో పెట్రోలును ముందుకు తోస్తుంది. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లు సన్నగా గుయ్‌మని వినిపించేది దాని చప్పుడే. ఆ తర్వాత ఆగిపోతుంది. ఇంజను తిరుగుతోందన్న కబురు అందితేనే ఇంజను కంప్యూటరు (ఈసీయూ) రిలే అనే స్విచ్చు ద్వారా దానికి మళ్లీ కరెంటు ఇస్తుంది. ప్రమాదంలో పైపు తెగి ఇంజను ఆగిపోతే పంపు ఇంకా పెట్రోలు చిమ్ముతూ ఉండకూడదు గదా! ప్రాణాలు కాపాడే ఏర్పాటు ఇది. కానీ ఆ కబురు తప్పిపోతే, నిక్షేపంలాంటి పంపు కూడా ఆగిపోతుంది.

కబురు పంపేది క్రాంక్ సెన్సరు. చాలా కార్లలో ఇది అయస్కాంతం చుట్టూ వెంట్రుకలాంటి రాగి తీగ చుట్టిన ముక్క. పళ్ల చక్రం దాని ముందు తిరుగుతుంటే తీగలో చిన్న విద్యుత్ తరంగాలు పుడతాయి. ఇంజను వేడికి ఏళ్ల తరబడి మగ్గిన తీగలో ఎక్కడో కంటికి కనపడని చీలిక వస్తుంది. వేడెక్కితే ఆ చీలిక విచ్చుకుంటుంది, చల్లబడితే మళ్లీ అతుక్కుంటుంది. అరగంట నీడ చేసే మాయ అదే.

రిలేలోనూ ఇంతే. 1980లు, 90ల నాటి హోండా కార్లలో డాష్‌బోర్డు కింద ఉండే మెయిన్ రిలే ఇందుకు పేరు మోసింది. ఎండలో నిలబెట్టిన కారు లోపలి వేడికి దాని టంకం అతుకులు పగిలేవి. డబ్బా విప్పి భూతద్దంతో చూస్తే టంకం బొట్టు చుట్టూ సన్నటి నల్లని వలయం కనిపించేది. ఆ అతుకుకు మళ్లీ టంకం వేస్తే చాలు, కారు నడిచేది.

అందుకే అన్నింటికన్నా విలువైన సాక్ష్యం డ్రైవరు దగ్గరే ఉంటుంది. కారు ఆగే క్షణంలో ఆర్‌పీఎం ముల్లు చూడండి. బండి ఇంకా గేరులో దొర్లుతుండగానే ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడితే ముందు క్రాంక్ సెన్సరును, దాని వైరింగును అనుమానించాలి. పికప్ తగ్గి, జర్కులు కొట్టి, ముల్లు మెల్లగా దిగితే పంపు వైపు చూడాలి. అయితే ముందు ప్రాణం. హజార్డ్ లైట్లు వేసి పక్కకు తీయండి. స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు రెండు మూడు తొక్కుల వరకే మునుపటిలా పడుతుంది. బండి పూర్తిగా ఆగేదాకా తాళం బయటకు తీయొద్దు. జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చేయొచ్చు.

ఆగిన చోటే ఇంకో పరీక్ష: తాళం ఆన్ చేసి పంపు చప్పుడు వినండి. వినపడకపోతే ఫ్యూజు చూడాలి. చాలా కార్లలో హారన్ రిలే, పంపు రిలే ఒకే రకం. నంబర్లు కలిస్తే వాటిని అటూ ఇటూ మార్చి చూడొచ్చు.

ఇక ఆటో ఎలక్ట్రీషియన్ పని. వైరు ఊడదీసి మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తుంది, ఆ అంకెను నమ్మి పంపు మీద నెపం వేస్తారు. కరెంటు పారనప్పుడు తుప్పు పట్టిన కప్లర్ కూడా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. 5 ఆంపియర్లు పారే తీగలో అర ఓమ్ అడ్డు వచ్చినా రెండున్నర వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. కాబట్టి పంపు నడుస్తుండగానే కొలవాలి. రిలే నుంచి నేరుగా కరెంటు అందే పంపులో బ్యాటరీ ప్లస్‌కూ పంపు ప్లస్‌కూ మధ్య అర వోల్టు దాటి కనిపిస్తే ఆ దారిలో లోపం ఉన్నట్టే. ఎర్త్ వైపూ అలాగే చూడాలి. తర్వాత బిగించిన రిమోట్ లాక్, హారన్ కోసం కోసి టేపు చుట్టిన వైర్లు, ఎలుకలు కొరికినవి ముందు వెతకమనండి. ట్యాంకు దగ్గర పెట్రోలు ఆవిరి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అక్కడ సొంత ప్రయోగాలు వద్దు.

పంపే చెడిపోయే సందర్భాలూ లేకపోలేదు. లోపలి బ్రష్‌లు అరిగితే మోటారు ఆగుతుంది. పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది గనుక ఎప్పుడూ రిజర్వులో నడపడం మంచిది కాదు. తయారీలోనే లోపం ఉండొచ్చు కూడా. 2020 జూన్‌లో హోండా మన దేశంలో 2018లో తయారైన 65,651 కార్లను, జులైలో మారుతీ సుజుకీ 1,34,885 వ్యాగన్ఆర్, బలెనో కార్లను పంపు లోపం వల్లే వెనక్కి పిలిచి ఉచితంగా సరిచేశాయి. కొత్త పంపు కొనేముందు మీ కారు చాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైటులో వేసి రీకాల్ ఉందేమో చూడండి. రీకాల్ ఉంటే పంపుకు డబ్బు కట్టక్కర్లేదు.