ఆటల గాదె: ప్లేస్టేషన్ 5కు తగిన డ్రైవు

ముచ్చటపడి ప్లేస్టేషన్ 5 కన్సోలును కొని తెచ్చుకొన్న కుటుంబమునకు తొలి మాసములలో తెలియని చింత యొకటి, గేములు ఏడెనిమిది చేరునప్పటికి తప్పక యెదురగును. క్రొత్త గేమును డౌన్‌లోడ్ చేయబోవగా చోటు చాలదని తెరపై కనబడును. ఉన్నవానిలో ఏదో యొకటి తొలగించినగాని పని ముందునకు సాగదు. 2020 నవంబరులో వెలువడిన తొలి నమూనాలో గేములను నిలువచేయు 825 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డి యుండగా, సిస్టమ్ సాఫ్ట్‌వేర్ ఆక్రమించినది పోను గేములకు మిగులునది సుమారు 667 గిగాబైట్లే. కాల్ ఆఫ్ డ్యూటీ వంటి భారీ గేము ఒక్కటే 100 గిగాబైట్లను మించును. డిస్కు రూపమున కొన్నవారికిని ఈ యిబ్బంది తప్పదు. ఏలనన, డిస్కులోని గేమును గూడ కన్సోలులోనికి ఇన్‌స్టాల్ చేసికొనియే ఆడవలెను.

పూర్వము స్థితి వేరు. 1994లో జపానులో వెలువడిన తొలి ప్లేస్టేషన్‌లో గేము సీడీ నుండియే నడిచెడిది; ఆట యెంతవరకు సాగినదో గుర్తుంచుకొనుటకు 128 కిలోబైట్ల మెమరీ కార్డు చాలెడిది. నేడు ఒక్కొక్క నగరమును, అరణ్యమును కంటికి నిజమనిపించునంత సూక్ష్మముగా చిత్రించు గేములకు ఆ ముచ్చట చెల్లదు.

తొలగించిన గేమును కావలసినప్పుడు మరల దింపుకొనవచ్చును గదా యని కొంద రందురు. సెకనుకు 40 మెగాబిట్ల బ్రాడ్‌బ్యాండ్ ఉన్న యింట 100 గిగాబైట్ల గేము దిగుటకు, ఎట్టి యాటంకమును లేకున్నను, అయిదున్నర గంటలు పట్టును. దినమునకు రెండు గిగాబైట్ల మొబైలు డేటాతో సరిపుచ్చుకొను ఇండ్లలో అది యించుమించు అసాధ్యము. అదే గేమును సామాన్యమయిన హార్డ్ డిస్క్‌లో దాచియుంచినచో, ఇరువది నిమిషములకు అటు నిటుగా కన్సోలులోనికి మరల చేర్చుకొనవచ్చును. మన యిండ్లలో బయటి డ్రైవునకు గల ప్రయోజనములలో ఇదియే ముఖ్యమయినది.

అయితే దుకాణమునకు పోవుటకు ముందు అడిగి తెలిసికొనవలసిన ప్రశ్న, ఎన్ని టెరాబైట్లు కొందుమనునది గాని, ఏ కంపెనీది కొందుమనునది గాని కాదు. మన యింట ఆడు గేములు ప్లేస్టేషన్ 4 కొరకు తయారయినవా, ప్లేస్టేషన్ 5 కొరకు తయారయినవా యనునదే. యుఎస్‌బి ద్వారా తగిలించిన డ్రైవు నుండి ప్లేస్టేషన్ 4 గేములు నేరుగా నడచును. ప్లేస్టేషన్ 5 గేములు మాత్రము, 2021 ఏప్రిల్ నాటి అప్‌డేట్ తరువాత, అందులో నిలువ యుండగలవే కాని, అక్కడ నుండి నడువజాలవు. గాదెలోని ధాన్యమును తీసి దంపి వండినగాని కంచములోనికి అన్నము రానట్లే, ఆ గేములను కన్సోలులోనికి తిరిగి కాపీ చేసినగాని ఆట సాగదు.

ఇందుకు కారణము వేగము. ప్లేస్టేషన్ 5 లోపలి ఎస్‌ఎస్‌డి సెకనుకు 5.5 గిగాబైట్ల చొప్పున సమాచారమును చదువగలదు; ఆటగాడు వీథి మలుపు తిరుగులోపల ఆవలి వీథిని సిద్ధము చేయుటకు గేముల నిర్మాతలు ఆ వేగమును నమ్ముకొనియే దృశ్యములను కూర్చెదరు. యుఎస్‌బి హార్డ్ డిస్క్ వేగము సెకనుకు నూటికి పైచిలుకు మెగాబైట్లు మాత్రమే కావున, అది యా పరుగును అందుకొనజాలదు. ప్లేస్టేషన్ 4లో పుట్టుకతోనే ఉన్నది హార్డ్ డిస్క్ గనుక, దాని గేములకు ఈ మందగమనము క్రొత్త గాదు.

ఈ భేదమును గ్రహించినచో ఎంపిక సులభమగును. ప్లేస్టేషన్ 5 గేములను దాచిపెట్టుటయే పని యయినచో రెండు లేక నాలుగు టెరాబైట్ల పోర్టబుల్ హార్డ్ డిస్క్ చాలును. జేబులో పట్టునంతటి 2.5 అంగుళముల రకమునకు కన్సోలు పోర్టు నుండియే కరెంటు అందును, 3.5 అంగుళముల పెద్ద రకమునకు మాత్రము వేరుగా అడాప్టరు కావలెను. ప్లేస్టేషన్ 4 గేములనే యెక్కువగా ఆడువారు పోర్టబుల్ ఎస్‌ఎస్‌డిని కొనుట మేలు. లోడింగు కొరకు ఎదురుచూచు సమయము స్పష్టముగా తగ్గును. అందును సెకనుకు 2,000 మెగాబైట్లని అట్టపై ముద్రించిన ఖరీదయిన రకము వలన లాభము లేదు. కన్సోలు పోర్టుల గరిష్ఠ వేగము సెకనుకు 10 గిగాబిట్లే, అనగా ఆ 2,000 మెగాబైట్లకు చాల తక్కువే గనుక, అంతకు మించిన వేగమునకు చెల్లించిన పైకము వృథా యగును.

ప్లేస్టేషన్ 5 గేములనే పెక్కింటిని ఒకేసారి సిద్ధముగా నుంచుకొనగోరు వారికి బయటి డ్రైవు కాక, కన్సోలు లోపల అమర్చు ఎం.2 ఎస్‌ఎస్‌డి తగినది. 2021 సెప్టెంబరు నుండి ఈ సౌకర్యము కలదు. 2023 సెప్టెంబరు అప్‌డేట్‌తో 8 టెరాబైట్ల వరకు అనుమతి లభించినది. పిసిఐఈ జెన్ 4 రకమయి, సెకనుకు 5,500 మెగాబైట్లు గాని అంతకు పైన గాని చదువునట్టిది కొనుమని సోనీ సూచించుచున్నది. బిగించుట కఠినము గాదు. కన్సోలును ఆపి, కరెంటు తీగ తీసివేసి, చల్లారనిచ్చి, పై పలకను చేతితో జరిపి తొలగింపగా, ఒకే స్క్రూతో బిగింపబడిన సన్నని మూత కనబడును. ఆ మూత క్రింది స్లాటు ప్రక్కన 30, 42, 60, 80, 110 అను అంకెలు గల రంధ్రములుండును. అవి ఎస్‌ఎస్‌డి పొడవును మిల్లీమీటర్లలో తెలుపును. అంగడిలో సాధారణముగా దొరకునది 80 గనుక స్పేసరు అను చిన్న వలయమును ఆ రంధ్రమునకు మార్చి, ఎస్‌ఎస్‌డిని ఏటవాలుగా చొప్పించి, క్రిందికి వంచి స్క్రూ బిగించినచో పని పూర్తియగును.

వేడిని వెదజల్లు లోహపు పలక, అనగా హీట్‌సింక్, లేని ఎం.2 ఎస్‌ఎస్‌డిని మాత్రము ఎన్నడును వాడరాదు. హీట్‌సింక్‌తో కలిపి మొత్తము మందము 11.25 మిల్లీమీటర్లు దాటరాదు. ఈ కన్సోలు పనిచేయుటకు సోనీ నిర్దేశించిన పరిసరోష్ణము 5 నుండి 35 డిగ్రీల వరకే. రెంటచింతలలోను, రామగుండములోను మే మాసపు మధ్యాహ్నమున ఆ హద్దు దాటుట మన కెఱుకయే గావున, గాలి యాడని అలమరలో కన్సోలును బంధింపక, దాని చుట్టును చోటు విడుచుట అవసరము.

యుఎస్‌బి డ్రైవు తగిలించువారు కొన్ని నియమములను పాటింపవలెను. డ్రైవు 250 గిగాబైట్లకు తక్కువ గాకుండ, 8 టెరాబైట్లకు మించకుండ నుండవలెను. హబ్ ద్వారా గాక నేరుగా కన్సోలు పోర్టులోనే గుచ్చవలెను. 2020 నమూనాలో ముందువైపున గల వెడల్పాటి యుఎస్‌బి పోర్టు నెమ్మదిది కావున, దానిని విడిచి వెనుక పోర్టులను వాడుట మేలు. తొలిసారి కన్సోలు డ్రైవును ఫార్మాట్ చేయును. అందులోని పెండ్లి ఫోటోలు, వీడియోలు సమస్తమును చెరిగిపోవును, కావున వానిని ముందుగా వేరొకచోట భద్రపరుపవలెను. డ్రైవును తీయదలచినపుడు స్టోరేజీ సెట్టింగులలో అందుకు గల ఆదేశము నిచ్చిన పిదపనే తీయవలెను. ప్లేస్టేషన్ 5 గేములలో మనము సాధించిన ప్రగతి, అనగా సేవ్ డేటా, ఈ డ్రైవులోనికి చేరదు. అది కన్సోలులోనే నుండును.

అంగడి మోసములను గూర్చి గూడ ఒక్క మాట. కారుచవుకగా పదహారు టెరాబైట్ల డ్రైవు అని ఆన్‌లైనులో కనబడునవి పెక్కు నకిలీలు. లోపల చిన్న మెమరీ కార్డు నమర్చి, లేని పరిమాణమును ఉన్నట్లు చూపునట్లు వానిని మలచెదరు. నిండువఱకు మోసము బయటపడదు. నిండిన పిదప దాచినది దక్కదు. ఒక టెరాబైటు డ్రైవును కంప్యూటరునకు తగిలింపగా 931 గిగాబైట్లని కనబడుట మాత్రము మోసము గాదు. తయారీదారులు వేయి చొప్పునను, కంప్యూటరు 1,024 చొప్పునను లెక్కించుటచే కలిగిన భేదమే యది.

కావున పాఠకులకు నా సలహా యిది: మొదట తెరపై స్టోరేజీ పట్టికను తెరచి, ఏ గేము ఏ తరమునకు చెందినదో, ఎంత చోటు పట్టినదో చూచుకొనుడు. పిదప దాచుకొనుటకు హార్డ్ డిస్క్, పాత గేములను ఆడుటకు పోర్టబుల్ ఎస్‌ఎస్‌డి, క్రొత్త గేములను ఆడుటకు ఎం.2 అను మూడింటిలో మీ యవసరమునకు తగిన దానిని, వారంటీ బిల్లుతో సహా, నమ్మకమయిన దుకాణమున కొనుడు.