రెజ్యూమెతో పాటు ఇంకో పేజీ ఉండాలి!

‘మధ్యలో రెండేళ్లు గ్యాప్ వచ్చిందేంటి?’ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నకు చాలామంది ఏదో ఒకటి చెప్పి బయటపడతారు. చిన్నప్పుడు క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకు అది అంత తేలిక కాదు. నిజం చెబితే ఉద్యోగం రాదేమోనని భయం. దాస్తే తర్వాత బయటపడుతుందేమోనని ఇంకో భయం. మీరు అలాంటివాళ్లయినా, మీ క్లాసులో అలాంటి ఫ్రెండ్ ఉన్నా ఇది చదవండి.

2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక క్యాన్సర్ చికిత్స పేద కుటుంబాలకూ అందుబాటులోకి వచ్చింది. కాళేశ్వరం, మహదేవపూర్ వైపు నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికి పోవాలంటే 250 కిలోమీటర్లకు పైనే. పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఏఎల్ఎల్ రకం బ్లడ్ క్యాన్సర్‌కైతే చికిత్సే రెండు మూడేళ్లు సాగుతుంది. ఆ రోజుల్లో అమ్మానాన్నల ఒళ్లో కూర్చుని బస్సెక్కిన పిల్లలు ఇప్పుడు డిగ్రీ, బీటెక్ పట్టాలతో ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. వాళ్లలో చాలామంది ఇళ్లలో పాత ఫైల్ బీరువా అడుగున పడి ఉంటుంది. ‘తగ్గిపోయింది కదా, ఇంకెందుకు’ అనుకుంటాం. ఇప్పుడు అవసరమయ్యేది ఆ ఫైలే.

తగ్గింది... కానీ గుర్తులుంటాయి

ప్రాణం కాపాడిన మందులే కొన్నిసార్లు ఏళ్ల తర్వాత ప్రభావం చూపిస్తాయి. డాక్సోరుబిసిన్, డానోరుబిసిన్ లాంటివి గుండె కండరాన్ని బలహీనపరచొచ్చు. సిస్‌ప్లాటిన్ వల్ల వినికిడి తగ్గొచ్చు. స్టెరాయిడ్లు ఎక్కువ కాలం వాడితే ఎముకలు పలచబడొచ్చు. తలకు రేడియేషన్ ఇస్తే ఏకాగ్రత, వేగంగా ఆలోచించే శక్తి కొంత తగ్గే వీలుంది. మెడ భాగానికి ఇస్తే థైరాయిడ్ సమస్య రావొచ్చు. కొన్ని మందులు సంతానంపైనా ప్రభావం చూపుతాయి. ఇవన్నీ అందరికీ రావు. ఏ మందు, ఎంత డోసు, ఏ వయసులో ఇచ్చారన్నదాన్ని బట్టి ముప్పు మారుతుంది. అందుకే ‘నాకు చిన్నప్పుడు క్యాన్సర్ వచ్చింది’ అని చెబితే డాక్టర్‌కు సరిపోదు.

ఆ పేజీలో ఏముండాలి?

చికిత్స చేసిన ఆసుపత్రికి వెళ్లి డిశ్చార్జ్ సమ్మరీ కాపీ అడగండి. పాత కేస్ షీట్లను ఆసుపత్రులు ఎల్లకాలం దాచవు కాబట్టి ఆలస్యం వద్దు. వివరాలన్నీ ఒక పేజీలో రాయించుకోండి.

• క్యాన్సర్ రకం, గుర్తించిన తేదీ, చికిత్స ముగిసిన తేదీ
• వాడిన కీమో మందుల పేర్లు, మొత్తం డోసు
• రేడియేషన్ ఇస్తే ఏ భాగానికి, ఎంత
• ఆపరేషన్లు, రక్తం ఎక్కించిన వివరాలు
• ఇకపై ఏ పరీక్షలు, ఎన్నాళ్లకోసారి

దీన్ని స్కాన్ చేసి డిజిలాకర్‌లో లేదా ఆభా హెల్త్ అకౌంట్‌కు లింక్ చేసిన యాప్‌లో దాచుకోండి. భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఈ పేజీ చేతిలో ఉంటే అక్కడో, వరంగల్‌లోనో కొత్త డాక్టర్‌కు కూడా మీ కేసు తొందరగా అర్థమవుతుంది. ప్రతి చిన్న సందేహానికీ హైదరాబాద్ బస్సెక్కాల్సిన పని ఉండదు.

గ్రౌండ్‌కు వెళ్లే ముందు ఎకో

మన దగ్గర కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తెల్లవారుజామునే గ్రౌండ్‌కు వెళ్లేవాళ్లు చాలామంది. పురుషులకు 1600 మీటర్లు, మహిళలకు 800 మీటర్ల పరుగు. గుండెపై ప్రభావం చూపే మందులు వాడి ఉంటే ప్రాక్టీస్ మొదలుపెట్టక ముందే ఎకో పరీక్ష చేయించుకోండి. జిమ్‌లో భారీ బరువులు ఎత్తే ముందూ అంతే. పైకి ఏ ఇబ్బందీ లేకపోయినా, డోసును బట్టి రెండేళ్లకో ఐదేళ్లకో ఈ పరీక్ష అవసరమవుతుంది. రిపోర్టు బాగుంటే ధైర్యంగా పరుగెత్తొచ్చు. తేడా ఉంటే మందులు ముందుగానే మొదలుపెట్టొచ్చు. ఉద్యోగం కూడా దానికి తగ్గది ఎంచుకోవచ్చు.

ఎక్కడ చెప్పాలి? ఎంత చెప్పాలి?

ఇంటర్వ్యూలో అడగని జబ్బు గురించి మీరే ముందుగా చెప్పాల్సిన పని లేదు. గ్యాప్ గురించి అడిగితే ‘ఆరోగ్య కారణాలతో చదువుకు విరామం వచ్చింది. ఇప్పుడు పూర్తిగా కోలుకున్నాను’ అంటే చాలు. ఆ వెంటనే మీరు చేసిన ప్రాజెక్టు గురించి మాట్లాడండి. మెడికల్ ఫారంలో సూటిగా అడిగితే మాత్రం అబద్ధం రాయొద్దు. దాచినట్టు తేలితే వచ్చిన ఉద్యోగం కూడా పోవచ్చు. అక్కడ మీ ఒక్క పేజీ, తాజా రిపోర్టులే మీ తరఫున మాట్లాడతాయి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో క్యాన్సర్ లేదు. కానీ ఎముక క్యాన్సర్ వల్ల కాలు తీసేయడం, చూపు లేదా వినికిడి బాగా తగ్గడం లాంటివి ఆ జాబితా కిందికి వస్తాయి. వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువని తేలితే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆ వర్గాలకున్న 4 శాతం రిజర్వేషన్‌కు పోటీ పడొచ్చు. స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేయండి.

ఆఫర్ లెటర్ వచ్చాక జీతం ఒక్కటే చూడకండి. గ్రూప్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా అని హెచ్ఆర్‌ను అడగండి. చాలా కంపెనీల్లో వర్తిస్తుంది. సొంతంగా పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. 2024 ఏప్రిల్ నుంచి దాన్ని గరిష్ఠంగా 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించారు.

మనసు సంగతి

మామూలు జ్వరం వచ్చినా ‘మళ్లీ వచ్చిందేమో’ అన్న భయం ఉంటుంది. ‘హైదరాబాద్‌ల ఒక్కదానివే ఎట్లుంటవ్ బిడ్డా’ అని అమ్మ పంపడానికి జంకుతుంది. అమ్మకు మాటలతో సర్దిచెప్పడం కష్టం. డాక్టర్ చెప్పిన పరీక్షల తేదీలు ఫోన్ క్యాలెండర్‌లో పెట్టి చూపించండి. భయం నిద్రకు, చదువుకు అడ్డొస్తుంటే టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బులేం కట్టక్కర్లేదు. ఇండియన్ క్యాన్సర్ సొసైటీలో ‘ఉగమ్’ అనే బృందం ఉంది. చిన్నప్పుడు క్యాన్సర్‌ను గెలిచినవాళ్లే అందులో సభ్యులు. మీలాంటివాళ్లతో మాట్లాడొచ్చు.

ఫ్రెండ్స్‌కూ ఓ మాట. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. జాలి చూపులు అక్కర్లేదు. చెకప్ రోజు క్లాస్ నోట్స్ పంపండి, డ్రైవ్ డేట్ మారితే ఫోన్ చేసి చెప్పండి.

ఈ ఆదివారం రెజ్యూమె అప్‌డేట్ చేయాలని కూర్చుంటే, ముందు బీరువా తెరిచి ఆ ఫైల్ బయటకు తీయండి.