ఫోన్‌ల ఎక్కిరిస్తే ఏం చెయ్యాలె?



ముందు నా తప్పు చెప్తాను. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా అన్న ఫోన్‌ల ఒక వీడియో చూసిన. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం నాడు మా ఊరి అమ్మాయి ఒకామె మాట్లాడిన వీడియో అది. మేము ఇంట్ల కోయ మాట్లాడుతం. అందుకే ఆమె తెలుగు తడబడింది. ఎవరో దాని కింద "అడవి మనిషి" అని రాసి వాట్సాప్ గ్రూపుల పెట్టిండ్రు. అందరితోపాటు నేను కూడా నవ్వే బొమ్మ పెట్టిన. ఆమె రెండు రోజులు అన్నం తినలేదని తర్వాత తెలిసింది. నా తెలుగు కూడా అట్లనే ఉంటది కదా! చాలా సిగ్గయింది.

నోటితో ఎక్కిరిస్తే ఆ మాట ఊరు దాటదు. ఫోన్‌లో పెడితే ఒకరి నుండి ఒకరికి పోతనే ఉంటది. మనం తలుపు వేసుకున్నా ఆగదు.

నోటి మాటకే ఎంత బాధో మన జిల్లాలోనే ఉదాహరణ ఉన్నది. కల్లెడ గ్రామానికి చెందిన జీవాంజి దీప్తి గారిని చిన్నప్పుడు కొందరు "పిచ్చిది", "కోతి" అనేవారట. అనాథాశ్రమంలో వదిలేయమని కూడా అన్నారట. తల్లిదండ్రులు వదల్లేదు. కోచ్ నాగపురి రమేష్ గారు శిక్షణ ఇచ్చారు. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో ఆమె కాంస్య పతకం గెలిచింది. పతకం రాకున్నా ఆ మాటలు అనుడు తప్పే. పక్కన నిలబడేవాళ్ళు ఉంటే మనిషికి ధైర్యం వస్తుంది.

మనం చేయవలసినవి:

1. కోపంతో తిరిగి తిట్టరాదు. తిడితే గొడవ పెరుగుతుంది.

2. వెంటనే డిలీట్ చేయరాదు. స్క్రీన్‌షాట్ తీసి, నంబరు, తేదీ రాసిపెట్టాలి. అదే సాక్ష్యం.

3. తర్వాత ఆ నంబరును రిపోర్ట్ చేసి, బ్లాక్ చేయాలి.

4. ఒక్కరే ఏడ్వరాదు. ఇంట్ల గాని, టీచరుకు గాని చెప్పాలి. పిల్లల సహాయానికి 1098, సైబర్ నేరాలకు 1930, పోలీసులకు 100 ఉన్నవి.

5. చూసినవాళ్ళు నవ్వరాదు, ఇంకొకరికి పంపరాదు. నవ్వేవాళ్ళు లేకుంటే ఎక్కిరించేవాళ్ళు ఎవరి కోసం పెడతారు?

ఇంకొక మాట. ఎస్సీ, ఎస్టీలను వేరేవాళ్ళు కులం పేరుతో నలుగురిలో కావాలని తిడితే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం.

వార్డెన్ మేడం గార్లకు ఒక విన్నపం. ఎవరైనా వచ్చి చెప్తే "నీకు ఫోన్ ఎందుకు?" అని ముందే కోప్పడకండి. ఆ భయంతోనే మేము చెప్పం.

సంక్రాంతికి పోయినప్పుడు నేను ఆమె ఇంటికి పోయి తప్పయిందని చెప్తాను. వీడియో తీసేయుమని గ్రూపుల కూడా రాస్తాను.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని