పాత పడవకు జీడి నూనె ఎందుకు?

భావనపాడు, బారువ తీరాల్లో ఇప్పుడు ఫైబర్ పడవలే ఎక్కువ. పాత చెక్క పడవను బాగుచేయాలంటే మాత్రం రంగు డబ్బా ముందే తెరవకూడదు. ఎందుకంటే అసలు శత్రువు చెక్క లోపల ఉంటుంది. దాన్ని ఓడపురుగు అంటారు కానీ, నిజానికి అది ఆల్చిప్పల జాతి జీవి. సూదిమొనంత కన్నంతో దూరి లోపలంతా తొలిచేస్తుంది. పైకి పలక నున్నగానే కనిపిస్తుంది!

అందుకే పడవను ఒడ్డుకు లాగి, బోర్లించి, ఆరబెట్టి, అంటుకున్న గుల్లలు గీకాలి. సుత్తితో తట్టినప్పుడు డొల్లగా మోగిన చోట పలక మార్చాలి.

ఆ తర్వాతే నూనె. పలాసలో వలిచిన జీడిపిక్కల తొక్కులో నల్లటి చిక్కని నూనె ఉంటుంది. చెక్క పడవలకు దీన్ని పూయడం మన తీరాల్లో పాత పద్ధతి. అందులోని ఫినాల్ జాతి పదార్థాలు పురుగుకూ బూజుకూ గిట్టవు. చర్మాన్ని కూడా కాల్చేస్తాయి, కాబట్టి ఈ పని పెద్దవాళ్లే, చేతి తొడుగులతో చేయాలి.

నూనె పూర్తిగా ఆరాకే రంగు వేయాలి. చెక్కలో తడి మిగిలితే రంగు బుడగలు కట్టి పొరలుగా ఊడిపోతుంది.