కొండచీపురు కొనుట

చౌకయని పలుచని చీపురు కొనిన గృహిణి రెండు మాసములకే మరల బజారునకు పోవలసివచ్చును.

అరకులోయ ప్రాంతమునుండి మన యిండ్లకు వచ్చు కొండచీపురు ఒక గడ్డిజాతి పూవెన్ను. గిరిజనులు మాఘ ఫాల్గుణములలో దానిని కోసి, ఎండబెట్టి, సంతకు తెత్తురు; 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థయు వారియొద్ద కొనుచున్నది. వేరుతో పెరుకక కోసిన దుబ్బు మరుసటి యేడును వెన్ను వేయును. మిక్కిలి ముదిరిన వెన్ను నూగు రాల్చి, ఊడ్చిన చోటనే మరల దుమ్ము చేయును.

పిడి సొగసునకు వెల యీయకుడు. ప్లాస్టిక్కు పిడిలో పుల్లలెన్ని యున్నవో కనబడదు. త్రాటితో కట్టినదైనచో తెలియును. కట్టుదగ్గర పిడికిట నొక్కి చూడుడు. వదులైనచో పుల్లలు జారును. కుచ్చును వంచి విడిచిన, తిరిగి నిలువవలెను. బూజువాసన తగిలినచో తడియారక కట్టినదే. దాని బరువు చూచి మోసపోకుడు. అన్నియు సరిపడినచో రెండు రూపాయలకై బేరమాడుట నాకు నచ్చదు. కొండవాలున దుబ్బుదుబ్బునకు తిరిగి వెన్నులు కోసినవారి కూలి యందే యున్నది.

క్రొత్తదానిని వాకిట బాగుగా దులిపి లోనికి తెండు. పని తీరినపిదప వ్రేలాడదీయుడు. తడినేలకు మాత్రము వాడరాదు. అందులకు కొబ్బరియీనెల చీపురున్నది గదా!