ఓడ పగిలి పరదేశమున పడినవాడు



మన చంద్రగిరి సీమ శ్రీకృష్ణదేవరాయలవారి యేలుబడిలో నుండిన కాలమున, 1528వ సంవత్సరము నవంబరు మాసమున, భూగోళమున కావలిదిక్కున నొక పడవ అలల తాకున నిసుకదిబ్బపై బడెను. అందున్నవారు స్పెయిను దేశీయులు. వారిలో నొకడు అల్వారు నూనెజు కబేసా దె వాకా. ఆ యింటిపేరునకు ఆవుతల యని యర్థము. మన యిండ్లపేర్లలోను నిట్టివి లేకపోలేదు గనుక నవ్వవలదు.

ఇతడు 1527లో రాజుగారి కోశాధికారిగా, నర్వాయెజు అను సేనాని వెంట, అయిదు ఓడలలో నించుమించు 600 మందితో బయలుదేరెను. సేనాని ఫ్లోరిడా తీరమున దిగి, 300 మందితో బంగారమునకై లోపలికి నడిచెను. ఓడలను విడువవలదని కోశాధికారి చెప్పిన మాట చెవి కెక్కలేదు. ఓడలు మరల గనబడలేదు. ఆకలిచే, జ్వరముచే, శత్రువుల బాణములచే పలువురు కూలిరి. సముద్రమే దిక్కయ్యెను. వడ్రంగి యొక్కడే! రికాబుల యినుమును కరగించి మేకులు చేసిరి. చొక్కాలు తెరచాప లయ్యెను. గుఱ్ఱములను గోసి తిని, తోకవెండ్రుకలతో త్రాళ్లు పేనిరి. వాని కాళ్లతోళ్లతో చేసిన నీటితిత్తులు మాత్రము దారిలోనే క్రుళ్లినవి.

పడవ పడినది నేటి టెక్సాసు తీరమునందలి యొక దీవి. అచ్చటివారు చేపలును దుంపలును దెచ్చియిచ్చిరి. వీరు మరల పడవను నీటికి ద్రోయగా నది బోర్లపడి ముగ్గురు మునిగిరి. తక్కినవారు దిగంబరులై యొడ్డు జేరిరి. ఆ దుఃఖము జూచి దీవివారు వారి ప్రక్కన గూర్చుండి అరగంటసేపు బిగ్గరగా నేడ్చిరట! పిమ్మట దారిపొడవున నెగళ్లు వేసి, ఒక్కొక్కచోట చలి గాచి, తమ గుడిసెలకు మోసికొనిపోయిరి. ఆ చలికాలముననే స్పెయినువారు కొందఱు, చచ్చిన తోటివారిని దినగా దీవివారు విని నివ్వెఱపోయిరి. అనాగరికు లెవరో మీరే చెప్పుడు. సుమారు 80 మందిలో 15 గురు మిగిలిరి.

పిదప నితడు ఊడిగము చేయవలసివచ్చెను. నీటిలో దుంపలు ద్రవ్వి ద్రవ్వి వ్రేళ్లు పుండ్లుపడి, గడ్డిపోచ తగిలినను నెత్తురు గారెడిది. అప్పు డొక యుపాయము తోచెను. ఆ జాతులు నిత్యము తమలో తాము పోరాడుటచే నొకరితో నొకరు బేరమాడజాలరు. ఏ పక్షమునకు జెందని పరదేశియైనచో నెందైనను దిరుగవచ్చును. దండులకు ధాన్యము మోసిన మన లంబాడీల సంగతియు నట్టిదే. శంఖముల ముక్కలు లోపలికి గొనిపోయి, తోళ్లు, జేగురు, చెకుముకిరాళ్లు తీరమునకు దెచ్చుచు కొన్నియేండ్లు గడపెను. ఏటేట దీవికి బోయి, అచ్చట మిగిలిన తోటివానిని రమ్మని వేడుచుండెను. తుద కాతడు వచ్చియు, భయపడి మరలిపోయెను.

నాగజెముడు పండ్లకాలమున జాతు లన్నియు నొకచోట గూడును. మన కంచెలలోని నాగజెముడునకు పుట్టినిల్లు ఆ ఖండమే. 1534లో ఆ సమయము గనిపెట్టి, మఱి ముగ్గురితో గలిసి పాఱిపోయెను. రోగులను బాగుచేయుమని జనులు వేడగా మొదట వీరు నవ్విరి. జనులు కూడు మానిపించిరి. అంతట ప్రార్థించుటయు, ఊదుటయు, సిలువగుఱుతు వేయుటయు మొదలిడిరి. నమ్మకము కొంత పనిచేసియుండును. కాని యొకని ఱొమ్మున దిగిన బాణపుములికిని కత్తితో గోసి తీసి, జింకయెముకతో రెండు కుట్లు వేయుట మాత్రము నిక్కమైన వైద్యమే.

1536లో పడమటితీరము చేరువలో స్వదేశీయులు గనబడిరి. వారు బానిసలకై వేటాడువారు. తన వెంట వచ్చిన జనులను చెఱబట్టజూడగా నితడు వారితో కలహించెను. రోగులను బాగుచేయు వీరును, ఆరోగ్యవంతులను జంపు వారును ఒక్క జాతివారని ఆ జనులు నమ్మనే లేదు. మెక్సికో చేరినపిమ్మట ఒంటిమీద బట్ట నిలువక, నేలపైగాని నిద్రపట్టక చాలదినములు బాధపడెను. 1542లో తన కథ నచ్చువేయించెను. ఆ నలువురిలో ఎస్తెబానికో అను మొరాకోవాడు మాత్రము బానిసగనే యుండెను. దారి తెలిసినవాడని 1539లో వానిని మరల ఉత్తరమునకు బంపగా, జూనీల యూరియొద్ద హతుడయ్యెను.